నీళ్ళలోనూ నోరు మూయని మనిషి

నేను డైవింగ్ క్లబ్బులో చేరింది నీళ్ళ మీద ఇష్టంతో కాదు. నీళ్ళ అడుగున నన్నెవరూ మాట్లాడమని అడగరన్న ఆశతో. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాయలేదు. అమ్మ చదువుతుందేమోనని కాదు, రాస్తే నాకే నవ్వొస్తుందని. ఎందుకంటే ఆ నీళ్ళ అడుగున నాకు జోడీగా దొరికింది రాయపూర్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి. పైగా నన్నక్కడికి లాక్కెళ్ళింది కూడా తనే.

తను పోయి ఏడాది దాటింది. నీళ్ళలో కాదు. నీళ్ళు తననెప్పుడూ ఏమీ చేయలేదు. బిలాస్‌పూర్‌లో, అత్తవారింట్లో, వానాకాలం జ్వరం. మలేరియా తలకెక్కిందన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, తన గురించి అలా రాస్తే ముందు తనే ఒప్పుకోదు. "ఎవరే ఈవిడ? నాకు తెలీదే" అంటుంది. అందుకని ఉన్నదున్నట్టే రాస్తాను.

రైల్వే కాలనీలో మా రెండు క్వార్టర్లూ ఎదురెదురుగా ఉండేవి. మా నాన్నా వాళ్ళ నాన్నా వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఒకే షెడ్డులో పనిచేసేవారు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. బడిలో మేం ఒకే బెంచీ. టీచరు నన్ను ప్రశ్న అడిగితే జవాబు తను చెప్పేది. ఆ జవాబు తప్పయితే చీవాట్లు మాత్రం నాకు పడేవి. కూరల దగ్గర నా బేరం తను ఆడేది. నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం సగంలో ఉండగానే కథ చెప్పించుకుని, "ఇలా అవ్వకూడదే" అని ముగింపు మార్చేసి, ఆ మార్చిన కథనే కాలనీ అంతా చెప్పుకొచ్చేది. తర్వాత నేను అసలు ముగింపు చదువుకుంటే, అదే ఏదో తప్పుగా ఉన్నట్టు అనిపించేది.

మాస్టారిని కనిపెట్టింది కూడా తనే. నౌకాదళంలో గజ ఈతగాడిగా పనిచేసి పింఛను పుచ్చుకున్న పెద్దాయన. విశాఖ నుంచి వచ్చి దేవేంద్ర నగర్‌లో కూతురింట్లో ఉండేవారు. సబ్జీ మండీలో బెండకాయలు ఏరుకుంటున్న మనిషిని తెలుగులో పలకరించి, అరగంటలో ఆయన జన్మవృత్తాంతమంతా రాబట్టింది. సముద్రానికి ఇంత దూరం వచ్చి పడ్డాక ఏం చేయాలో తోచక, ఆదివారాలు కొందరు కుర్రాళ్ళకు డైవింగ్ నేర్పుతున్నారని తెలిసింది. గాలి నింపే కంప్రెసరు ఆయనతోపాటే లారీలో వచ్చింది. అల్లుడు సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో ఇంజినీరు. అక్కడే ఒక షెడ్డులో దాన్ని పెట్టారు.

మర్నాడు సాయంత్రం తను మా వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటించింది.

"మనిద్దరి పేర్లూ ఇచ్చీసేను."

"దేనికి?"

"నీళ్ళలో మునగడానికి. మీ అమ్మనడిగీసేను. మా నాన్ననీ అడిగీసేను. మిగిలింది నువ్వొక్కర్తివే, నిన్నడగక్కర్లేదు."

కాలనీ వెనక చెరువులో చిన్నప్పుడే ఇద్దరం ఈత నేర్చుకున్నాం కాబట్టి అభ్యంతరం చెప్పడానికి నాకేమీ దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదు. నీళ్ళ అడుగున నిశ్శబ్దంగా ఉంటుందని అప్పటికే నా మనసులో పడింది.

మా సముద్రం ఊరి బయట వదిలేసిన రాళ్ళ ఖదాను, అంటే క్వారీ గుంత. రాయి కొట్టడం ఆపేశాక వాన నీళ్ళు నిండి లోతైన చెరువయింది. నీళ్ళు పైన ఆకుపచ్చగా, కిందకు పోయేకొద్దీ కషాయం రంగులో ఉండేవి. మేం అన్నల టీషర్టులూ, పాత ట్రాక్ ప్యాంట్లూ వేసుకుని, వీపుకు సిలిండర్లు కట్టుకుని దిగుతుంటే, గట్టు మీద మేకలు కాసే ముసలమ్మ ప్రతి ఆదివారం మమ్మల్ని చూసి జాలిపడేది. నీళ్ళలో ఏదో పోగొట్టుకున్నామనుకుంది పాపం. పైకి రాగానే "మిలిస్ కా, నోనీ?" అని అడిగేది, దొరికిందా అమ్మాయీ అని. తను ఎంతో నిరాశగా ముఖం పెట్టి, "నహీ దాయీ, అగ్లే ఇత్వార్ పక్కా" అనేది, లేదవ్వా, వచ్చే ఆదివారం తప్పకుండా అని. ఏం పోయిందో మాత్రం ఆ ముసలమ్మా అడగలేదు, తనూ చెప్పలేదు.

మాస్టారు పెట్టిన నియమాలు కొన్ని ఉండేవి. ఎవరూ ఒంటరిగా దిగకూడదు. ఎవరి సిలిండరు మీట వాళ్ళు తిప్పుకోకూడదు, జోడీయే తిప్పాలి. పట్టీలు జోడీయే లాగి చూడాలి. గాలి ఎంత మిగిలిందో చూపే గేజీలో, ఇద్దరిలో ఎవరి ముల్లు ఎర్ర గీత దగ్గరికొచ్చినా ఇద్దరూ కలిసి పైకి రావాలి. అవసరమైన సంగతి చెప్పుకోవడానికి ప్రతి జోడీకీ ఒక ప్లాస్టిక్ పలక, దారంతో కట్టిన పెన్సిలు ఇచ్చేవారు. నీళ్ళలో దాని మీద రాయవచ్చు, పైకొచ్చాక ఇసుకతో రుద్దితే పోతుంది.

అవసరమైన సంగతి అంటే ఏమిటో మాస్టారికీ తనకూ ఎప్పుడూ కుదరలేదు. మొదటిసారి అడుగుకు చేరగానే గబగబా రాసి నా ముఖం ముందు పెట్టింది. ఏ ప్రమాదమోనని గబుక్కున చదివాను. "మాస్కులో నీ ముక్కు వంకాయలా ఉంది" అని రాసి ఉంది. నేను పెన్సిలు లాక్కుని "నీది చూసుకో" అని రాశాను. అంతే, వరదకు గేట్లు ఎత్తినట్టయింది. పక్కింటి అత్తయ్య కొత్త గాజులు, ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో ఏం కూర, నా జడ బాలేదన్న విషయం, అన్నీ ఆ పలక మీదికొచ్చేవి. పలక నిండితే ఆగుతుందా? నోట్లో గాలి గొట్టం ఉన్నా "ఊఁ ఊఁ" అంటూ చేతులు తిప్పుతూ చెప్పేది. బుడగలు కుంభవృష్టి తిరగబడినట్టు పైకి లేచేవి. గట్టు మీద నిలబడ్డ మాస్టారు ఆ బుడగలు చూసి, "అదిగో మన వసపిట్ట ఉపన్యాసం మొదలెట్టింది" అనేవారట.

నిజం చెప్పాలంటే పైన నోరు పెగలని నేను ఆ పలక మీద బాగానే పోట్లాడేదాన్ని. కానీ రాతకు గాలి ఖర్చు కాదు. తనకు ఖర్చయ్యేది. ప్రతిసారీ తన ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేసరికి నాది సగంలో ఉండేది. నియమం ప్రకారం నేనూ పైకి రావాల్సిందే.

"సగం సిలిండరు మిగిల్చేవేటే? అత్తారింటికి పట్టుకెళ్తావా?" అని పైకొచ్చాక నన్నే దెప్పేది.

ఇలా రెండేళ్ళు గడిచాక ఒక ఆదివారం మాస్టారు చెప్పారు, ఈ శీతాకాలం విశాఖ తీసుకెళ్తాను, సముద్రంలో దింపుతాను అని. అయితే ఒక షరతు. ఒక్క సిలిండరుతో ఖదాను గోడ చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికి, ముల్లు ఎర్ర గీత తాకకుండా రాగల జోడీకే చోటు.

కుర్రాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. తను నవ్వలేదు.

తనకు సముద్రం అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ తాతలది సముద్రపొడ్డు ఊరే. కానీ తను పుట్టింది రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో. ఊరికి పెళ్ళిళ్ళకు వెళ్ళడం, పందిట్లో కూర్చోవడం, తిరిగి రైలెక్కడం, అంతే. కాలనీలో మాత్రం "మా సముద్రం" అంటూ చెప్పుకునేది. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

"ఈ ఏడు తప్పితే ఇంక లేదే" అంది ఆ రోజు తిరిగొస్తూ బస్సులో. "పెళ్ళయ్యాక, అత్తా నేను నీళ్ళలో మునిగొస్తాను అంటే, వెళ్ళి రా తల్లీ అంటారేటి ఎవరైనా?"

"అయితే మాట్లాడకు" అన్నాను.

"ఇప్పుడా?"

"నీళ్ళలో."

"అది నాకు చేతకాదే."

చేతకానిది అలవాటు చేసుకోవాలని నిర్ణయించుకుంది. నీళ్ళలో ఒక్కరోజు నోరు మూసుకోవాలంటే ఇంట్లో కొన్నాళ్ళు మూసుకోవాలట. ఆ రోజు నుంచి మౌనవ్రతం. పలక ఇంటికి తెచ్చేసింది. భోజనాల దగ్గర "చారులో ఉప్పు తక్కువ" అని రాసి వాళ్ళమ్మకు చూపించేది. వాళ్ళ నాన్న కళ్ళజోడు వెతుక్కుని, చదివి, "అవును, తక్కువే" అనేవారు. ఇంట్లో ఎన్నడూ లేని ప్రశాంతత వచ్చి ఆయన తొందరగా నిద్రపోయేవారు. వాళ్ళమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక పొద్దున్నే మా ఇంటికొచ్చి నన్ను పక్కకు తీసుకెళ్ళింది.

"ఏటైందే దానికి? ఎవరైనా ఏటైనా అన్నారేటి? పెళ్ళంటే ఇష్టం లేదేటి?"

"అదేం లేదత్తా. గాలి పొదుపు చేస్తోంది."

ఆవిడ ఆ సాయంత్రం ఇద్దరికీ కలిపి దిష్టి తీసింది.

ఆ ఆదివారం ఖదానులో తను పలక ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని, కళ్ళు చిట్లించి, పరీక్ష రాస్తున్నట్టు, కాళ్ళు మాత్రం ఆడిస్తూ గోడ వెంటే ఈదింది. నాకు ఎంతగానో కోరుకున్న నిశ్శబ్దం దొరికింది. పది బారలు వెళ్ళేసరికి విసుగేసింది. నేనే పలక మీద "ఏమైనా చెప్పు" అని రాసి చూపించాను. కళ్ళెర్రజేసి ముందుకెళ్ళిపోయింది. మొదలెట్టిన చోటికి వచ్చేసరికి ముల్లు ఎర్ర గీతకు వెంట్రుకవాసి ఇవతల ఉంది. మాస్టారు ముల్లు చూసి, తనను చూసి, మళ్ళీ ముల్లు చూసి, "గేజీ పాడైందేమో" అన్నారు.

కానీ మాకు చోటిచ్చాక మాస్టారే ఇంకో మాట అన్నారు. "అమ్మా, ఈ అలవాటు సముద్రం దాకా తప్పకూడదు." ఆ మాట పట్టుకుని తను మౌనం కొనసాగించింది. సరిగ్గా ఆ వారంలోనే బిలాస్‌పూర్ నుంచి పెళ్ళివారొచ్చారు.

వాళ్ళూ రైల్వేవాళ్ళే, మా వైపు వాళ్ళే. తను తలవంచుకుని కూర్చుంది. అడిగినదానికి తలూపింది. పెళ్ళికొడుకు తల్లికి ఎంత నచ్చిందంటే, వెళ్ళేటప్పుడు గుమ్మంలో వాళ్ళమ్మ చేతులు పట్టుకుని, "ఈ రోజుల్లో ఇంత నెమ్మదైన గుంట దొరకడం మా అదృష్టం వదినా" అంది. ఆ మాట విన్న మా అమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

వారం తిరక్కుండా వాళ్ళు ముహూర్తం పెట్టుకుని మళ్ళీ వచ్చారు. ఈసారి అబ్బాయి కూడా వచ్చాడు. నేనూ తనూ వంటింట్లో పకోడీలు వేయిస్తున్నాం. ముందు గదిలోంచి వాళ్ళ నాన్న పంచాంగం చదువుతున్న గొంతు వినిపించింది. మాఘమాసంలో ఆ వారం. సరిగ్గా మాస్టారు విశాఖకు టిక్కెట్లు తీసిన వారం.

తను చిల్లుల గరిటె నూనెలోనే వదిలేసింది. నా భుజం గిల్లి గుసగుసగా అంది.

"నువ్వెళ్ళి చెప్పే."

"నేనా!"

"నేను నెమ్మదైన పిల్లని కదా."

గుమ్మం దాకా వెళ్ళాను. లోపల అంతమంది ముఖాలు చూసి వెనక్కి వచ్చేశాను. నా వాలకం చూసి తను పకోడీల పళ్ళెం తీసుకుని తనే వెళ్ళింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు పైట కొంగుకు తుడుచుకుని, మామూలు గొంతుతో అంది.

"ఆ వారం నాకు కుదరదండి. సముద్రంలో ఉంటాను."

ఎవరూ పకోడీ ముట్టుకోలేదు. పెళ్ళికొడుకు తల్లి ముందుగా తేరుకుంది. "సముద్రమా? మాఘస్నానానికేటి?"

"స్నానానిక్కాదండి. లోపలికి. అడుక్కి."

అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. అన్ని రోజులుగా ఆపిపెట్టినదంతా ఒక్కసారి వచ్చేసింది. మాస్టారు, బెండకాయలు, ఖదాను, మేకల ముసలమ్మ, సిలిండరు, ఎర్ర గీత, వాళ్ళ తాతల ఊరు, అన్నీ చెప్పింది. మధ్యలో "నా జోడీ వంటింట్లో ఉంది, పిలవనా" అని కూడా అంది. నేను నూనె మూకుడు వెనక దాక్కునే వీలుందేమోనని చూశాను.

"మరి మొన్న వచ్చినప్పుడు ఒక్క మాటా ఆడలేదేటి?" అంది ఆవిడ తల తిరుగుతున్నట్టు.

"అప్పుడు గాలి పొదుపు చేస్తున్నానండి."

వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. వాళ్ళ నాన్న పంచాంగంలోకి ఇంకాస్త వంగిపోయారు. అప్పుడు అబ్బాయి మొదటిసారి నోరు విప్పాడు.

"అడుగున ఏం కనిపిస్తుంది?"

"తెలీదండి. అది చూడ్డానికే కదా వెళ్తున్నాను."

"సంబంధం పోతే?" అంది వాళ్ళమ్మ ఏడుపు గొంతుతో, అందరి ముందే.

తన ముఖం పాలిపోవడం గుమ్మం సందులోంచి నాకు కనిపించింది. ఫొటోలో చూసిన అబ్బాయి తనకు నచ్చాడని పలక మీద రాసి నాకు చూపించి ఎన్నో రోజులు కాలేదు.

"పోతే పోనీ అనలేనమ్మా" అంది చివరికి. "కానీ సముద్రం మాత్రం వదల్లేను."

పెళ్ళివారు పకోడీలు తినకుండానే రైలెక్కారు. తర్వాత రోజులు చాలా కష్టంగా గడిచాయి. తను మాట్లాడకుండా ఉండడానికి ఈసారి సాధన అవసరం లేకపోయింది. మా మెట్ల మీద కూర్చుని నా చేతిలో పుస్తకం తీసుకునేది, పేజీ తిప్పేది కాదు. ఒకసారి మాత్రం అడిగింది.

"నువ్వయితే ఏం చేసేదానివే?"

"నేనయితే మొదటే నోరు విప్పేదాన్ని కాదు" అన్నాను.

"అదే కదా నీతో చిక్కు" అంది, కానీ కసరలేదు.

చివరికి బిలాస్‌పూర్ నుంచి కబురొచ్చింది. పెళ్ళి ఫాల్గుణానికి మార్చారు. అబ్బాయే పట్టుబట్టాడట. అబ్బాయి తల్లి మాత్రం ఒక మాట చెప్పి పంపింది, తిరిగొచ్చాక మాకూ అంతా చెప్పాలి, మధ్యలో వదలకూడదు అని. అలా అడిగినందుకు ఆవిడ తర్వాత ఎన్ని గంటలు విన్నదో నేను ఊహించగలను.

విశాఖలో పడవ మీంచి వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాం. ఖదానులా కాదు. సముద్రం ఒక్కచోట నిలవనివ్వదు, ఉయ్యాల్లో వేసినట్టు ముందుకీ వెనక్కీ ఊపుతుంది. అడుగున ఇసుక సన్నటి మడతలుగా, ఇస్త్రీ చేయని దుప్పటిలా ఉంది. నల్లటి రాళ్ళ పక్కన చిన్న వెండి చేపల గుంపు ఒక్క ప్రాణిలా తిరిగింది. నేను తన వైపు చూశాను. అంతే, అన్ని వారాల సాధనా గాలికి పోయింది. తను ఆ చేపలకు చెబుతోంది, రాళ్ళకు చెబుతోంది, ఇసుకకు చెబుతోంది. "ఊఁ ఊఁ ఊఁ" అని చేతులు ఊపుతూ, బుడగలు కుండపోతగా వదులుతూ. పలక నడుముకు వేలాడుతోంది, దాని సంగతే గుర్తులేదు. నేను ముల్లు చూపించాను. చేత్తో తోసేసింది. రెండోసారి చూపించేసరికి ఎర్ర గీత మీదే ఉంది.

ఆ రోజు దిగిన జోడీలన్నిటిలో ముందుగా పైకొచ్చింది మేమే. మాస్టారు పడవ అంచు మీంచి ఒంగి, "పరీక్షకొక మనిషి, సముద్రానికొక మనిషీనా తల్లీ!" అని గొంతు చించుకున్నారు. తను నోట్లోంచి గొట్టం తీసి, ఉప్పు నీళ్ళు ఉమ్మి, ముక్కు చీది, పగలబడి నవ్వింది. ఆయన కూడా ఎక్కువసేపు కోపంగా ఉండలేకపోయారు.

తర్వాత పెళ్ళయింది. కొన్నాళ్ళకు కంప్రెసరు మొరాయించింది, బాగుచేసేవాళ్ళు ఇక్కడ దొరకలేదు, మాస్టారికి ఓపిక తగ్గింది. క్లబ్బు దానంతటదే ఆగిపోయింది. నేను ఒక ఆఫీసులో చేరాను. అక్కడ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. తను పండగలకూ పబ్బాలకూ బిలాస్‌పూర్ నుంచి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ సముద్రం ఇంకాస్త లోతుగా, ఆ చేపలు ఇంకాస్త పెద్దవిగా అయ్యేవి. నేను సరిచేయలేదు. తన ముగింపులు ఎప్పుడూ అసలువాటికంటే బాగుంటాయని నాకు అప్పటికే అలవాటు.

కిందటేడు వానలు మొదలయ్యేముందు వచ్చింది. తిరిగి వెళ్ళేరోజు స్టేషన్‌కి వెళ్ళాను. వాళ్ళాయన లోపల సామాను సర్దుతున్నాడు. తను బోగీ గుమ్మంలో నిలబడి, వచ్చే శీతాకాలం మళ్ళీ విశాఖ వెళ్దామని, మాస్టారిని ఎలాగైనా ఒప్పిస్తానని చెబుతూనే ఉంది. రైలు కదిలింది. నేను పక్కన నాలుగడుగులు నడిచాను. బోగీ చక్రాల చప్పుడులో గొంతు పెంచి అంది:

"ఒసే, ఈసారి మా ఆయన్ని కూడా ముంచాలి! నేను చెప్తే నవ్వుతన్నాడు. నువ్వో ముక్క చెప్పీ, నమ్మీస్తాడు. నువ్వెప్పుడూ ఏదీ చెప్పవు కదా!"